చవక జూమ్ లెన్సు, కడప ఎండ: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త కెమెరాకు ఒక చవక జూమ్ తగిలించుకొని కడప చుట్టుపక్కల తిరుగుతున్నాను. నాది స్కూల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం. కెమెరా ఆదివారాలకూ సెలవులకూ. దేవుని కడప చెరువు గట్టు మీద నిలబడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి పక్కన నిలబడి అడుగుతారు. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో చేరి, మొదటి జీతంతో కెమెరా కొనాలని ఫోన్ చేస్తారు. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. నిలబడి చెప్పేటప్పుడు సగం మర్చిపోతుంటాను కాబట్టి, తీరిగ్గా కూర్చుని అన్నిటికీ ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అక్కా, నీది ఏ కెమెరా, ఏ లెన్సు?

కెమెరా నికాన్ జెడ్ 50 టూ. 2024 నవంబరులో ప్రకటించిన మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీ, 20.9 మెగాపిక్సెళ్లు. సెన్సర్ ఏపీఎస్-సీ సైజు, అంటే పాత ఫిల్ము గడి కంటే చిన్నది. లెన్సు నిక్కోర్ జెడ్ డీఎక్స్ 50-250 మి.మీ., ఎఫ్/4.5-6.3 వీఆర్. మి.మీ. అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనబడతాయి. ఎఫ్ అంకె లెన్సు లోపలి సందు ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది, అంకె చిన్నదైతే సందు పెద్దది. వీఆర్ అంటే చేతి వణుకును తగ్గించే ఏర్పాటు. ఈ లెన్సు 2019లోనే వచ్చింది, కెమెరానే కొత్తది. 405 గ్రాముల బరువు. బడికి తీసుకుపోయే సంచిలో టిఫిన్ డబ్బా పక్కన పడుతుంది. నాకు ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే బరువైన లెన్సు ఇంట్లో బీరువాలో ఉంటుంది, తేలికది చేతిలో ఉంటుంది.

ఇంత చవక అంటే ఎక్కడో కోత పెట్టే ఉంటారు కదా?

పెట్టారు. మూడు చోట్ల. మొదటిది వెలుతురు. 250 దగ్గర ఈ లెన్సు ఎఫ్/6.3 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఖరీదైన ఎఫ్/2.8 లెన్సు ఇదే సమయంలో దీనికంటే సుమారు 5 రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. రెండోది కట్టుబడి. కెమెరాకు తగిలించే చోట లోహపు రింగు లేదు, ప్లాస్టిక్కే. మూడోది చిన్న చిన్న సౌకర్యాలు. లెన్సు మీద వీఆర్ స్విచ్ లేదు, కెమెరా మెనూలోకి వెళ్లి మార్చాలి. ఎండకు అడ్డం పెట్టే హుడ్ విడిగా కొనుక్కోవాలి.

అద్దాల నాణ్యతలో మాత్రం నాకు పెద్ద కోత కనబడలేదు. చవక లెన్సంటే మసక లెన్సు అనే భయం పాత రోజులది. ఒకటి గమనించండి. పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే) కెమెరాల్లో ఫోకస్‌కు విడిగా ఒక సెన్సర్ ఉండేది. ఎఫ్/5.6 దాటితే వాటిలో చాలావాటికి ఫోకస్ పట్టడం కష్టమయ్యేది. మిర్రర్‌లెస్‌లో ఫొటో తీసే సెన్సరే ఫోకస్ కూడా చూసుకుంటుంది. అందుకే ఎఫ్/6.3 లెన్సులు ఇప్పుడు ఇబ్బంది లేకుండా పనిచేస్తున్నాయి. తేలికగా, చవకగా చేయడానికి అదొక కారణం.

250 అంటే ఎంత దూరం లాగుతుంది?

అందరూ ముందు ఇదే అడుగుతారు. "లాగడం" అన్న మాటను లెక్కలోకి మార్చి చెబుతాను. 250 దగ్గర, 100 మీటర్ల దూరంలో మీ ఫ్రేములో పట్టేది 9.4 మీటర్ల వెడల్పు. 10 మీటర్ల దూరంలో అయితే 94 సెంటీమీటర్లు. మన చెరువుల దగ్గర కనబడే తెల్లరొమ్ము లకుముకి పిట్ట సుమారు 28 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే అది 10 మీటర్ల దూరంలో కొమ్మ మీద కూర్చుంటే ఫ్రేములో మూడో వంతు కంటే కొంచెం తక్కువ ఆక్రమిస్తుంది. అది మంచి ఫొటో. అదే పిట్ట చెరువు అవతలి ఒడ్డున ఉంటే నీలం చుక్క. ఏ లెన్సైనా ఇంతే, దగ్గరికి వెళ్లే ఓపికే అసలు జూమ్.

పాత ఫిల్ము కెమెరా లెక్కలో ఇది 75-375తో సమానం. ఫొటోలో సగం వెడల్పు కోసేసినా 2784 పిక్సెళ్లు మిగులుతాయి, 9 అంగుళాల ప్రింటుకు అవి చాలు.

కొత్త లెన్సు డబ్బా విప్పిన రోజే ఏం పరీక్షించాలి?

ఈ ప్రశ్న చాలా తక్కువమంది అడుగుతారు. అందరూ అడగాల్సింది ఇదే. లెన్సు మార్చి ఇచ్చే గడువు దాటాక లోపం కనబడితే చేసేదేమీ ఉండదు.

నేను చేసింది చెబుతాను. మా మిద్దె మీద నీళ్ల ట్యాంకు గోడ ఉంది, సున్నం వేసిన చదునైన గోడ. దాని మీద దినపత్రిక పేజీలు ఆరు, ముడతలు లేకుండా టేపుతో అంటించాను. వార్తల పేజీలు కాదు, టెండరు నోటీసులు, కోర్టు ప్రకటనలు ఉండే పేజీలు. వాటి అచ్చు చీమతలకాయంత ఉంటుంది, పరీక్షకు అంతకంటే మంచి చార్టు దొరకదు. కాగితాల మధ్యలో ఒక చిన్న అద్దం, బొట్టు పెట్టుకునే అద్దం లాంటిది, గోడకు ఆనేలా అతికించాను. ఎందుకంటే కెమెరా గోడకు సరిగ్గా సమాంతరంగా ఉండాలి. తెర మీద చూస్తూ కెమెరాను కదుపుతూ పోతే, ఒక చోట లెన్సు తన ప్రతిబింబాన్ని ఫ్రేము నడిమధ్యలో చూసుకుంటుంది. అప్పుడు సమాంతరంగా ఉన్నట్టు. ఈ అద్దం చిట్కా తెలియక ముందు నేను ఒక సాయంత్రమంతా వంకర టింకరగా తీసి లెన్సును అనుమానించాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

తర్వాత ట్రైపాడ్ బిగించి, వీఆర్ ఆపి, 2 సెకన్ల టైమరు పెట్టి తీయాలి. 50, 100, 180, 250 దగ్గర ఆగి, ఒక్కో చోట పూర్తిగా తెరిచిన అపర్చర్‌తో (లెన్సు సందుతో) ఒకటి, ఎఫ్/8తో ఒకటి, ఎఫ్/11తో ఒకటి. ప్రతి దానికీ ఫోకస్ మళ్లీ పట్టి రెండేసి తీయండి, ఎందుకంటే ఒక్కోసారి ఫోకస్సే కొంచెం తప్పుతుంది, దాన్ని లెన్సు ఖాతాలో రాయకూడదు. ఎండ నేరుగా గోడ మీద పడని పొద్దున పూట మేలు. ఫొటోలు కంప్యూటర్‌లో పెట్టి నూరు శాతం సైజులో మధ్యభాగం, నాలుగు మూలలు చూడండి. ఫోన్‌లో చూస్తే అన్నీ బాగానే కనబడతాయి.

నా లెన్సులో 250 దగ్గర ఎఫ్/6.3తోనే నడిమధ్య టెండరు నోటీసు చదవగలిగాను. మూలలు ఎఫ్/8కి ఇంకొంచెం తేరుకున్నాయి.

ఒక మూల మాత్రం మసగ్గా వచ్చింది. లెన్సు చెడ్డదా?

తొందరపడకండి. ముందు కెమెరాను తలకిందులుగా తిప్పి, అదే గోడను మళ్లీ తీయండి. ఫొటోలో మసక ఉన్న మూల అదే మూలగా ఉంటే, అంటే కెమెరాతోపాటు తిరిగితే, లోపం లెన్సుది. మసక గోడ మీద అదే పేజీ దగ్గర ఉండిపోతే మీరు నిలబెట్టిన తీరులో వంకర ఉంది.

లోపల అద్దాల్లో ఏ ఒక్కటైనా తన నడిరేఖ నుంచి కొద్దిగా పక్కకు జరిగినా, వాలినా ఇలా ఒక వైపు మసకబారుతుంది. మా పెదనాన్న కొడుకు కొన్న వేరే కంపెనీ జూమ్‌లో కుడి పక్కంతా ఇలాగే ఉండేది. మూడు నెలలు వాడాక నాకు చూపించాడు. అప్పటికి మార్చుకునే గడువు దాటిపోయింది. వాడి బాధ చూశాకే నేను డబ్బా విప్పిన రోజే గోడ దగ్గరికి పోవడం నేర్చుకున్నాను.

మిద్దె, గోడ లేనివాళ్లు దూరంగా ఉన్న సెల్ టవర్‌ను ఎంచుకోండి. పొద్దున్నే టవర్‌ను ఒక్కో మూలలో పెట్టి నాలుగు ఫొటోలు తీస్తే, నాలుగింటిలోనూ ఇనుప కడ్డీలు ఒకేలా కనబడాలి.

ఏ అపర్చర్‌లో తీస్తే బాగుంటుంది?

వెలుతురు బాగుంటే ఎఫ్/8. లేకపోతే పూర్తిగా తెరవండి, భయం అక్కర్లేదు. ఎఫ్/16 జోలికి మాత్రం పోవద్దు. సందు చిన్నదయ్యే కొద్దీ వెలుతురు అంచుల దగ్గర వంగి చెదురుతుంది. ఈ సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ సుమారు 4.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎఫ్/16 దగ్గర ఒక చుక్క వెలుతురు 20 మైక్రాన్లకు పైగా పరుచుకుంటుంది. ఇక షార్ప్‌నెస్ ఎక్కడిది?

గండికోటలో అవతలి గట్టు ఎప్పుడు తీసినా మసగ్గానే వస్తోంది. లెన్సుదే లోపమా?

కాదు. గాలిది. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాలో జూమ్ లెన్సులకు వచ్చే చెడ్డపేరులో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది.

గండికోటకు అందరూ ఎలా వెళతారు? కడప నుంచి పొద్దున టిఫిన్ చేసి బయలుదేరి, జమ్మలమడుగు దాటి, కోటలోకి వెళ్లి మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూసుకొని, పెన్నా లోయ అంచుకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పటికి ఆ ఎర్రటి క్వార్ట్‌జైట్ రాయి పెనం మాదిరి కాలి ఉంటుంది. రాయిని ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, చల్లటి గాలి కిందికి దిగుతుంది. వేడి గాలి ఒక తీరుగా, చల్ల గాలి ఇంకో తీరుగా వెలుతురును వంచుతాయి. తారురోడ్డు మీద నీళ్లున్నట్టు మెరిసేది కూడా దీనివల్లే. కంటికి ఈ వణుకు పెద్దగా తెలియదు. 250 దగ్గర లెన్సు రాతి పొరలను పెద్దవి చేసినట్టే ఆ వణుకునూ పెద్దది చేస్తుంది. లక్షల రూపాయల లెన్సు పెట్టినా అంతే.

మరి గాలిదా, లెన్సుదా అని తేల్చుకోవడం ఎలా? కదలకుండా పట్టుకొని, ఒకే చోటును వరసగా పది ఫొటోలు తీయండి. ఇంటికి వచ్చి వాటిని ఒకదాని వెంట ఒకటి చూడండి. ఒక ఫొటోలో ఎడమ పక్క రాయి షార్ప్‌గా, ఇంకోదాంట్లో అదే రాయి మసగ్గా ఉంటే, మసక అటూ ఇటూ తిరుగుతుంటే, అది గాలి. పదింట్లోనూ ఒకే చోట మసక ఉంటే లెన్సును అనుమానించవచ్చు. ఆ గాలిలో ఆటోఫోకస్ కూడా తడబడుతుంది.

దీనికి మందు పొద్దున్నే లేవడం. రాత్రి అక్కడే ఉండి, సూర్యుడు లేచిన మొదటి గంటన్నర వాడుకోండి. రాయి రాత్రంతా చల్లారి ఉంటుంది, పక్క నుంచి పడే వెలుతురులో పొర మీద పొర పేర్చినట్టున్న ఆ గట్టు విడివిడిగా కనబడుతుంది. వాన వెలిసిన మర్నాడు ఇంకా మంచిది, దుమ్ము కడుక్కుపోతుంది. నేను డిసెంబరు సెలవుల్లో ఒక పొద్దున ఎఫ్/8, 1/320 సెకనుతో తీసిన ఫొటోలో అవతలి అంచున మొలిచిన పొదల ఆకులు లెక్కపెట్టవచ్చు. మే నెలలో మధ్యాహ్నం అదే చోటు నుంచి తీసింది నీళ్లలో చూసినట్టుంది. లెన్సు మారలేదు.

ఇంకొక్క మాట. కారు బానెట్ మీద చేతులు ఆనించి తీస్తుంటారు కొందరు. ఇంజను వేడి లెన్సు ముందు నుంచే పైకి లేస్తుంది. దూరంగా జరగండి.

వీఆర్ ఉంది కదా, ట్రైపాడ్ ఎందుకు?

మామూలుగా అక్కర్లేదు. జెడ్ 50 టూ బాడీలో సెన్సర్‌ను స్థిరంగా ఉంచే ఏర్పాటు లేదు, అందువల్ల లెన్సులో వీఆర్ ఉండటం మనకు అవసరం. 250 దగ్గర వీఆర్ లేకుండా చేత్తో తీయాలంటే 1/400 సెకను ఉండాలి. వీఆర్‌తో కదలని వస్తువును నేను 1/60కి నమ్మకంగా తీస్తున్నాను. గోడకు ఆనుకొని, ఊపిరి బిగబట్టి ఇంకా కిందికి వెళ్లినవీ ఉన్నాయి.

వీఆర్ ఆపేది మన చేతి వణుకునే. గాలికి ఊగే కొమ్మనూ, తల తిప్పే కొంగనూ అది ఆపదు. ఇది చాలామందికి చెప్పినా ఎక్కదు. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు మెనూలో వీఆర్ ఆపేయండి.

పక్షులకు పనికొస్తుందా?

వస్తుంది. కెమెరాలో గుర్తించాల్సినవాటి జాబితాలో పక్షిని ఎంచుకుంటే కంటి మీద గడి కట్టుకొని వెంటపడుతుంది. దేవుని కడప చెరువు దగ్గర గుడ్డికొంగలు, నీటికాకులు మనుషులకు అలవాటు పడి ఉంటాయి. మొదట వాటితో మొదలుపెట్టండి. కూర్చున్న పిట్టకు 1/500, ఎగిరేదానికి 1/2000. తెల్ల కొంగను తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు) ఒక అరమెట్టు, ముక్కాలు మెట్టు తగ్గించండి. లేకపోతే ఈకలన్నీ కలిసిపోయి సున్నం ముద్దలా వస్తుంది.

ఈ బాడీలో నాకు బాగా నచ్చింది, షట్టర్ పూర్తిగా నొక్కడానికి ముందు క్షణాలను కూడా దాచిపెట్టే సౌకర్యం. లకుముకి పిట్ట నీళ్లలోకి దూకేది మనం చూసి నొక్కేలోపు అయిపోతుంది. జేపెగ్‌లో మాత్రమే పనిచేస్తుంది, అయినా సరే.

పొద్దు గూకాక మాత్రం ఎగిరే పక్షుల మీద ఆశ వదులుకోండి. ఎఫ్/6.3 అక్కడ చేతులెత్తేస్తుంది.

లంకమలలో కలివికోడిని ఈ లెన్సుతో తీయొచ్చా?

దయచేసి ఆ ప్రయత్నం చేయకండి. అంతరించిందనుకున్న పక్షి 1986లో మన జిల్లాలో మళ్లీ కనబడింది. దాని కోసమే లంకమలను అభయారణ్యం చేశారు. అది రాత్రి తిరిగే పక్షి, ముళ్లపొదల మధ్య నేల మీద బతుకుతుంది. దాన్ని వెతుక్కుంటూ టార్చిలైట్లు, ఫ్లాష్‌లు పట్టుకొని పొదల్లో తొక్కుకుంటూ పోవడం దానికి చేటు. అనుమతి లేకుండా వెళ్లడం నేరం కూడా. జూమ్ కొన్న ఉత్సాహంలో పిల్లలు ఈ మాట ఎత్తినప్పుడల్లా నాకు భయమేస్తుంది. ఏ పక్షి గూడు దగ్గరైనా ఇదే మాట. తల్లి పక్షి అరుస్తుంటే మీరు దగ్గరికి పోయారని అర్థం, వెనక్కి రండి.

ఒంటిమిట్ట కల్యాణం రాత్రి పూట కదా, అక్కడ పనిచేస్తుందా?

ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం వెన్నెల రాత్రి జరుగుతుంది. వెన్నెల మనసుకు చాలు, ఈ లెన్సుకు చాలదు. వేదిక మీద దీపాల వెలుతురు పడేచోట ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400, 1/125, ఎఫ్/6.3తో తీయగలిగాను. రవ్వరవ్వగా కొంచెం గరుకు వస్తుంది. ప్రింటులో అది కనబడదు, ఫోన్‌లో అసలే కనబడదు. వేదికకు దూరంగా, జనంలో తలంబ్రాల కోసం చేతులు చాచినవాళ్ల ముఖాలు తీయాలంటే కష్టం. దానికి నేను 50 దగ్గరికి వస్తాను, అక్కడ ఎఫ్/4.5 ఉంటుంది, ఒక మెట్టు వెలుతురు ఎక్కువ, అంటే దాదాపు రెట్టింపు.

గుడి స్తంభాల మీది శిల్పాలు తీయాలంటే పగలు వెళ్లండి. మండపం లోపల నీడగా ఉన్నా, శిల్పం కదలదు కాబట్టి వీఆర్ ఆదుకుంటుంది. ఎత్తులో ఉన్న బొమ్మను కింద నుంచి వైడ్ లెన్సుతో తీస్తే తల చిన్నదై కాళ్లు పెద్దవవుతాయి. నాలుగు అడుగులు వెనక్కి వేసి 150 దగ్గర తీస్తే ఆ వంకర తగ్గుతుంది. గర్భాలయం వైపు కెమెరా తిప్పకండి.

పువ్వులు, సీతాకోకచిలుకలు?

ఇందులో ఇది నన్ను ఆశ్చర్యపరిచింది. 250 దగ్గర 1 మీటరు దూరం దాకా ఫోకస్ పడుతుంది. అప్పుడు ఫ్రేములో పట్టేది సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు. తంగేడు పూల మీద వాలిన సీతాకోకచిలుకను బెదరగొట్టకుండా మీటరు దూరం నుంచి నిండుగా తీయవచ్చు. వెనక పచ్చదనమంతా వెన్నలా కరిగిపోతుంది.

ముందు యూవీ ఫిల్టర్ పెట్టమంటారా?

నా లెన్సుకు 62 మి.మీ. ఫిల్టర్ పడుతుంది. అంగడివాళ్లు ఊరికే ఇచ్చిన ఫిల్టర్‌తోనూ, లేకుండానూ అదే దినపత్రిక గోడను 250 దగ్గర తీసి చూశాను. ఫిల్టర్‌తో అక్షరాల అంచులు స్పష్టంగా మెత్తబడ్డాయి. తీసేశాను. రక్షణ కావాలంటే హుడ్ కొనండి, ఎండ అడ్డంగా పడినప్పుడు ఫొటో వెలిసిపోకుండా కూడా కాపాడుతుంది.

మన దుమ్ముకు తట్టుకుంటుందా?

జాగ్రత్తగా ఉంటే. జూమ్ చేసినప్పుడు లెన్సు ముందుకు సాగుతుంది, సాగినప్పుడల్లా గాలిని లోపలికి పీలుస్తుంది. ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల దగ్గర, బండలు కోసే చోట తెల్లటి పొడి గాలిలో తేలుతుంటుంది. అక్కడ లెన్సు మార్చకండి, తీయడం అయ్యాక ముడిచి సంచిలో పెట్టండి. ఇంటికొచ్చి రబ్బరు బ్లోయరుతో దుమ్ము ఎగరగొట్టాకే గుడ్డతో తుడవాలి. దుమ్ముతో పాటు తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. సముద్రతీరంవాళ్లతో పోలిస్తే మనకు ఫంగస్ బెడద తక్కువ. వానాకాలంలో గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడితే సరిపోతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి.

పెళ్లిళ్లకు తీసుకుపోవచ్చా?

పగటి పెళ్లికి, ఆరుబయట పందిరికి హాయిగా. దూరం నుంచి నవ్వులు, ఏడుపులు ఎవరికీ తెలియకుండా తీయవచ్చు. మూసిన హాల్లో రాత్రి ముహూర్తానికి, డబ్బు తీసుకొని చేసే పనికి, దీని ఒక్కదాని మీద ఆధారపడవద్దు.

బాడీతో వచ్చే 16-50 ఒక్కటే కొని, ఇది తర్వాత కొనుక్కోమంటారా?

రెండు లెన్సులు కలిపి ఇచ్చే కిట్ దొరికితే అదే తీసుకోండి, విడివిడిగా కొన్నదానికంటే కలిసొస్తుంది. దొరకకపోతే ముందు 16-50తో ఒక ఆర్నెల్లు తీయండి. ఆ ఫొటోల్లో ఎన్నింటిలో "ఇంకొంచెం దగ్గరగా ఉంటే" అనిపించిందో చూసుకోండి. మా బడిలో ఒక టీచరమ్మ అలా చూసుకుంటే ఆమెకు ఎక్కువగా కావాల్సింది ఇరుకు ఇంట్లో మనవరాలి ఫొటోలని తేలింది. ఆమె జూమ్ మాట మానేసి ఎఫ్/1.8 లెన్సు ఒకటి కొనుక్కుంది. ఎక్కడ కొన్నా బిల్లు, మన దేశపు వారంటీ కార్డు అడిగి తీసుకోండి. డబ్బా విప్పేముందు ఆరు పేజీల దినపత్రిక, ఒక చిన్న అద్దం పక్కన పెట్టుకోండి.